తల మార్చిన తుపాకీ

గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర పట్టుకొచ్చాడు హోబర్ట్. మామూలు కత్తెర ఇంట్లో లేకనా? వంటింటి సొరుగులోనే ఉంది. కానీ రాట్లిఫ్ కుటుంబం కొండ మీద ఒక ఆడమనిషి చొక్కా తోక కోయడం అదే మొదటిసారి, దానికి తగ్గ కత్తెర ఉండాలని ఆయనగారి ఉబలాటం.

"తిరుగమ్మా మరదలా, తిరుగు. సిగ్గెందుకు? గుండు పేల్చినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?" అన్నాడు. పశువుల కొట్టం ముందు నిలబడ్డవాళ్లంతా గొల్లున నవ్వారు.

డెల్ఫా తిరిగింది. పళ్ల బిగువున నిలబడింది. కత్తెర కరకరమని రెండుసార్లు ఆడింది, ఎర్ర గళ్ల ఉన్ని చొక్కా వెనక అంచు జానెడు ముక్క హోబర్ట్ చేతిలోకి వచ్చింది. నల్ల సిరా కలంతో దాని మీద 'డెల్ఫా' అని రాసి, మాంసానికి పొగబెట్టే పొగగది గోడకి మేకు కొట్టాడు. ఆ గోడ నిండా అలాంటి ముక్కలే. జింక మీద కాల్చి గురి తప్పినవాడి చొక్కా తోక కోయడం ఆ కొండల్లో తాతలనాటి ఆచారం. డెల్ఫా పోయిన మొగుడు లోవెల్ పేరుతోనే ఆ గోడ మీద మూడున్నాయి, కుర్రతనంలో తెగినవి. దాన్ని ఎవరూ అవమానం అనుకోరు. కోసినవాడికి కోయించుకున్నవాడే ఓ గ్లాసు పోసి నవ్విస్తాడు.

ఆ మాత్రం నవ్వు డెల్ఫాకీ వచ్చు. ఆమె కడుపుమంట గుడ్డముక్క కోసం కాదు.

ఆ ఇంటి పెద్ద, ఆమె మామగారు అమోస్, ఈ ఆచారానికి ఎప్పుడో ఒక తోక తగిలించాడు. కొండ మీద గండి అని ఒక చోటుంది. రెండు గుట్టల మధ్య ఇరుకు దారి, అటు జింకలు ఇటు రావాలంటే అందులోంచే దూరాలి. అంత మంచి చోట నిలబడి కూడా గురి తప్పినవాడు మరుసటి ఏడాది నుంచి గండి వదులుకోవాలి. ఇదీ అమోస్ చట్టం. గండి పాతికేళ్లు లోవెల్‌ది. ఆయన పోయాక డెల్ఫా అక్కడ నిలబడుతోంది. ఆ కొండ మీద ఎవరికైనా నిలబడే చోటంటూ ఉంటే వాళ్లు రాట్లిఫ్‌లు. చోటు లేనివాళ్లు చుట్టాలు. చుట్టాలు పండక్కి గుమ్మడికాయ తీపిరొట్టె చేసి తెస్తారు, తిని వెళ్లిపోతారు. పిల్లాజెల్లా లేని డెల్ఫాకి ఆ ఇంట్లో మిగిలిన చుట్టరికం గండి ఒక్కటే.

"ఇంకేముంది, వచ్చే ఏడు గండి మా డేరెల్‌కి," అన్నాడు లోవెల్ అన్న హోబర్ట్, తన కొడుకు భుజం మీద చెయ్యేసి. డేరెల్‌కి ముప్పై ఏళ్లు, పెళ్లయినవాడు. పాపం అతను కాస్త ఇబ్బందిగానే నేల చూశాడు.

"నేను గురి తప్పే దూరం కాదది," అంది డెల్ఫా. "రాయి విసిరినా తగిలేంత దగ్గర. అడ్డంగా, కదలకుండా నిలబడింది మగ జింక."

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట!" అన్నాడు హోబర్ట్.

మళ్లీ నవ్వులు. అమోస్ మాత్రం నవ్వలేదు. మెట్టు మీద కూర్చుని, మొక్కజొన్న రొట్టె చిక్కుడుగింజల పులుసులో నానబెట్టుకుని తింటున్నాడు. ఎనభై దాటినాయన, మాట తక్కువ మనిషి. ఆయన తలెత్తి కోడలి వంక చూడకపోవడం డెల్ఫా గమనించింది. సిగ్గుపడుతున్నాడేమో నన్ను చూసి, అనుకుంది. ఆ అనుకోవడం మరింత మంటెత్తించింది.

అసలా తుపాకీ కోసం ఆమె పడ్డ పాట్లు ఎవరికెరుక? లోవెల్ వాడింది పాత షాట్‌గన్. ఒక్క గుండు పేలిస్తే భుజాన్ని గాడిద తన్నినట్టుంటుంది. స్కూలు బస్సు తిప్పీ తిప్పీ డెల్ఫా కుడి భుజం పోయింది, ఆపరేషన్ అయింది, ఆ తుపాకీ దానికి మళ్లీ ఆనించొద్దని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. ఆమెకున్న రెండోది సెమీ ఆటోమేటిక్ రైఫిలు, కోళ్లెత్తుకుపోయే కొయోటీ నక్కల కోసం కొన్నది. తేలిక, తన్నదు. కానీ దాని తూటాకి సీసాకి ఉన్నట్టు మెడ ఉంటుంది, ఆ రాష్ట్రంలో అలాంటి తూటాతో జింకని కొట్టకూడదు. మెడ లేకుండా నిటారుగా ఉండే తూటా అయితేనే ఒప్పుకుంటారు. అందుకని ఊళ్లో తుపాకులు బాగుచేసే మెర్ల్ దగ్గరికెళ్లి, అదే రైఫిలుకి పై సగం కొత్తది కట్టించుకుంది. గొట్టం వేరు, తూటా వేరు, పైన గురి చూసే అద్దాల స్కోపు కూడా వేరే. కింది సగం, అంటే పట్టుకునేదీ నొక్కేదీ, పాతదే. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి మట్టిగట్టు ముందు కాగితం పెట్టుకుని కాల్చింది. చివరికి గుండు ఎక్కడ చూస్తే అక్కడే పడేలా గురి కట్టుకుంది.

గురువారం థాంక్స్‌గివింగ్ పండగ భోజనాల దగ్గర దీని మీద ఎంత వేళాకోళమో.

"ఏంటి డెల్ఫా, నీ తుపాకీకి తల మార్పించావటగా?" అన్నాడు హోబర్ట్, టర్కీ కోడి కాలు కొరుకుతూ. "ఏమొచ్చినా బాగుచేయించుకోవాలి గానీ తల మార్చడం ఏంటి?"

"రెండు తలలూ ఉన్నాయి బావగారూ. నక్కలకి పాత తల, జింకలకి కొత్త తల. రెండు పిన్నులు నొక్కితే ఊడొస్తుంది, మళ్లీ పెడితే కూచుంటుంది."

"మరి తల మార్చినప్పుడల్లా మళ్లీ మొదటినుంచీ గురి కట్టుకోవాలా?"

"అక్కర్లేదు. తీసి పెట్టినా గురి మారదు."

"భలే ఉందే! నీకు కూడా ఇలాంటి తలుంటే బాగుండేది మరదలా, నోరు లేనిది ఒకటి," అన్నాడు హోబర్ట్. ఆయన భార్య ఒనీడా మోచేత్తో పొడిచింది. డెల్ఫా నవ్వి ఊరుకుంది. భోజనాలయ్యాక, ఏటా చేసినట్టే, అందరి తుపాకులూ అమోస్ ముందుగది బీరువాలో చేరాయి, తాళం పడింది. సోమవారం వేట మొదలయ్యేదాకా అవి అక్కడే ఉండాలి. పండగ మూడు రోజులూ తాగి తందనాలాడే ఇంట్లో అది మంచి పద్ధతే మరి.

ఇప్పుడు, సోమవారం మధ్యాహ్నం, తోకలేని చొక్కాతో తన ట్రక్కు వెనక పలక మీద కూర్చుంది డెల్ఫా. రైఫిలు ఖాళీ చేసి ఒళ్లో పెట్టుకుంది. పొద్దున జింక నిలబడ్డ చోట నెత్తుటి చుక్క లేదు, ఒక్క వెంట్రుక లేదు. కానీ దాని వెనక చెట్టు మానుకి కొత్త గాయం కనబడింది. అది జింక వీపుకంటే పైన, గురి పెట్టిన చోటికి కుడికి. తన చెయ్యి వణికితే ఇంత తేడా వస్తుందా? ఎంత వణికినా రాదు. వణికే మనిషి కాదు కూడా. నలభై మంది పిల్లలు వెనకాల కోతుల్లా గెంతుతుంటే మంచులో బస్సు నడిపే చేతులవి.

ఆమె స్కోపుని దగ్గరగా చూసింది. స్కోపుని బిగించే మరల మీద, మర నుంచి దిమ్మ మీదికి, ఎర్ర గోళ్ల రంగుతో సన్నటి గీత గీసి ఉంటుంది. మెర్ల్ చెప్పిన చిట్కా అది. మర పిసరు తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది.

ప్రతి గీతా రెండు ముక్కలై ఉంది. మర మీద ముక్క ఒకవైపు, దిమ్మ మీద ముక్క ఇంకోవైపు.

ఎవరో స్కోపు ఊడదీశారు. ఊడదీసి మళ్లీ బిగించారు. బిగించి, నోరు మూసుకుని, తను కొండెక్కుతుంటే చూస్తూ నిలబడ్డారు. ఎంత గుండె ధైర్యం!

ఆమె కేకలు పెట్టలేదు. పెడితే ఏమంటారో తెలుసు. మద్దెల సామెత మళ్లీ విప్పుతారు. అట్టపెట్టె చింపి, దాని మీద బొగ్గుతో గుండ్రం గీసి, కొట్టం వెనక మట్టిగట్టుకి ఆనించింది. "అందరూ రండి," అంది. "కాల్చడం రానమ్మ ఎలా కాలుస్తుందో చూద్దురుగాని."

వినోదం ఎవరికి చేదు? కాఫీ గ్లాసులతో అందరూ వచ్చారు. అమోస్ కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. డెల్ఫా గడ్డిమోపు మీద తుపాకీ ఆనించి, తొందరపడకుండా మూడు గుండ్లు కాల్చింది. మూడూ ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. డాలరు నాణెం పెడితే మూడు కన్నాలూ మూసుకుపోతాయి. అయితే అవి పడింది బొగ్గు గుండ్రంలో కాదు, జానెడు పైన, బెత్తెడు కుడికి.

ముందు డేరెల్‌కి అర్థమైంది. "గురి తప్పే చెయ్యి కాదిది," అన్నాడు మెల్లగా. "చెయ్యి తప్పితే తలో చోట పడతాయి. ఇది స్కోపు కదిలింది."

"కదల్లేదు. కదిలించారు," అంది డెల్ఫా. "గురువారం ఈ తుపాకీ నా చేత్తో బీరువాలో పెట్టాను. ఇవాళ తెల్లారకముందు నా చేత్తో తీసుకున్నాను. ఆ మధ్యలో ఎవరో దీని స్కోపు విప్పారు. గోళ్ల రంగు పగిలింది, కావాలంటే చూసుకోండి. ఎవరో నేను చెప్పను. వాళ్లే చెప్పాలి."

హోబర్ట్ కాఫీ ఊదుకుంటున్నాడు, చల్లారి ఎంతసేపైందో ఆ కాఫీ. తేలు కుట్టిన దొంగ మొహం ఎలా ఉంటుందో చూడాలంటే అప్పుడు చూడాలి.

"రోడ్డు కుదుపులకి వదులై ఉంటుందిలే," అన్నాడు చివరికి.

"బీరువాకి ఏ రోడ్డు కుదుపు బావగారూ?"

ఇంక ఒనీడా ఆగలేకపోయింది. ముప్పై ఏళ్లుగా మొగుడి నోటికి మోచేత్తో కాపలా కాస్తున్న మనిషి. "చెప్పి చావు, హోబర్ట్," అంది. "శనివారం రెండు నక్కల్ని కొట్టుకొచ్చావుగా. నీ స్కోపులోకి తేమ చేరి మసగ్గా ఉందని వారం రోజులు నా ప్రాణం తీశావు. శనివారం మాత్రం దేనిలోంచి చూశావ్?"

"అయితే ఏమైంది?" హోబర్ట్ గ్లాసు విసిరేశాడు. "దొంగతనం చేశానా? గంటన్నర వాడుకున్నాను. ఏ గాట్లోంచి తీశానో ఆ గాట్లోనే పెట్టాను, గట్టిగా బిగించాను. తీసి పెట్టినా గురి మారదని తనే చెప్పింది, మీ అందరి ముందు! టర్కీ తింటూ చెప్పింది!"

"తల తీసి పెడితే మారదని చెప్పాను," అంది డెల్ఫా. "తలతోపాటు కళ్లు ఉంటాయి కాబట్టి మారదు. నువ్వు కళ్లు పీకావు! పీకి, నీ తుపాకీకి పెట్టుకుని, నీ గురికి తగ్గట్టు తిప్పుకుని, మళ్లీ తెచ్చి నాకు అతికించావు. తెలీక చేశావా? సరే, తెలీక చేశావు. పొద్దున నేను తప్పానని తెలిసినప్పుడు తట్టలేదా? నా చొక్కా పట్టుకున్నప్పుడు తట్టలేదా?"

హోబర్ట్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"తట్టింది. నీ మొహమే చెబుతోంది. తట్టినా కత్తెర తెచ్చావు. అదీ గొర్రెల కత్తెర!"

డేరెల్ తండ్రికి దూరంగా జరిగి నిలబడ్డాడు. "నాకొద్దు గండి," అన్నాడు. "ఇలాగైతే నాకొద్దు."

అప్పుడు అమోస్ కర్ర నేలకేసి తట్టాడు. "చాలు," అన్నాడు. "హోబర్ట్ చేసింది తప్పు. కానీ మీట నొక్కినవాడిదే గుండు. కొండెక్కే ముందు తుపాకీ ఒకసారి కాల్చి చూసుకోవాలి. చూసుకోలేదు. చట్టం చట్టమే."

డెల్ఫా ఆయన వంక తిరిగింది. మామగారి మాటకి ఎదురు చెప్పడం ఆ ఇంట్లో లేదు, పాతికేళ్లలో ఆమె ఏనాడూ చెప్పలేదు. తెల్లారకముందు పెళపెళా గుండ్లు పేల్చి కొండ మీద జింకలన్నిటినీ తరిమేసుకునే మూర్ఖుడెవడైనా ఉంటాడా? ఆ మాట అనబోయింది. అంతలో ఇంకో సంగతి తట్టింది. అది తట్టాక గురి మాట, చట్టం మాట అన్నీ వెనక్కిపోయాయి.

"మామయ్యా," అంది. "బీరువాకి తాళం ఉంది కదా."

అమోస్ చెయ్యి మెడ దగ్గరికి పోయింది.

"తాళంచెవి నీ మెళ్లో ఉంటుంది. స్నానానికి కూడా తియ్యవు. మరి హోబర్ట్ నా తుపాకీ ఎలా తీశాడు?"

ముసలాయన కర్ర రెండు చేతులతో పట్టుకుని, అట్టముక్క మీది కన్నాల వంక చూస్తున్నాడు.

"వాడు అడిగాడు," అన్నాడు. "ఇచ్చాను."

"నన్ను అడిగావా?"

"ఇంట్లో తుపాకీయే కదా అనుకున్నాను."

"అది లోవెల్ తుపాకీ అయ్యుంటే? నీ చిన్న కొడుకు ఇక్కడే బతికి ఉండుంటే, వాడు పక్కగదిలో పడుకుని ఉండుంటే, హోబర్ట్ వచ్చి తమ్ముడి స్కోపు కావాలంటే తాళం తీసిచ్చేవాడివా?"

అబద్ధం చెప్పే అలవాటు అమోస్‌కి లేదు. ఆ సమయంలో ఉంటే బాగుండేదని ఆయనకే అనిపించి ఉంటుంది.

"వాణ్ణి అడిగేవాణ్ణి," అన్నాడు.

కంచే చేను మేసిందంటే ఇంకెవరికి చెప్పుకోవాలి? వీళ్ల ముందు ఏడిస్తే చచ్చినంత ఒట్టనుకుంది డెల్ఫా. పాతికేళ్లు ఈ ఇంటికి వండింది, ఈ ముసలాయన మోకాలు విరిగితే మూడు నెలలు మంచం మీదే అన్నీ చేసింది, జింక తోలు వలిచింది, మాంసం కోసింది, సాసేజీలు చుట్టింది. తుపాకీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమెది ఆమెది కాదు, ఇంటిది!

"పొద్దున్నుంచి నా మొహం ఎందుకు చూడలేదో ఇప్పుడర్థమైంది," అంది. "నేను తప్పాననగానే నీకు తెలిసిపోయింది. నువ్వూ ఊరుకున్నావు. కత్తెర వచ్చినా ఊరుకున్నావు."

"డేరెల్‌కి ఇస్తే ఇంట్లో గొడవ పోతుందనుకున్నాను," అన్నాడు అమోస్. "నాలుగేళ్లుగా హోబర్ట్ నన్ను నంజుకు తింటున్నాడు."

"నేను తినలేదుగా. అదే నా తప్పు."

ముసలాయన తల పూర్తిగా వంచేశాడు. "గోడ మీద ముక్క తీసెయ్, హోబర్ట్," అన్నాడు. "గండి డెల్ఫాదే."

"తియ్యొద్దు," అంది డెల్ఫా. "ఉండనీ. గుండు తప్పింది, చొక్కా తెగింది, అబద్ధమేం కాదుగా. పేరొక్కటే తప్పు."

ఎవరూ కదలకముందే ఒనీడా పొగగదిలోకి వెళ్లింది. మేకుకి వేలాడుతున్న నల్ల సిరా కలం తీసి, 'డెల్ఫా' అన్నది అడ్డంగా కొట్టేసి, కింద పెద్ద అక్షరాలతో 'హోబర్ట్' అని రాసింది. రాసి, మొగుడి వంక చూడకుండా ఇంట్లోకెళ్లి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. ఆ గిన్నెల మోత చాలాసేపు వినబడింది.

"ఇంకేం కావాలమ్మా నీకు?" అన్నాడు అమోస్.

"తాళంచెవి."

ఈసారి హోబర్ట్ గుర్రుమన్నాడు. "అది ఇంటి పెద్ద దగ్గర ఉండాల్సింది! మా తాత మెళ్లో ఉండేది!"

"మీ తాత అడక్కుండా ఎవరి తుపాకీ ఎవరికీ ఇచ్చి ఉండడు," అంది డెల్ఫా. అంతకంటే ఏమీ అనలేదు. చెయ్యి చాపి నిలబడింది. చెయ్యి నొప్పి పెట్టేదాకా నిలబడింది. అమోస్ మెడలోంచి తోలు తాడు తీయడానికి చాలాసేపు పట్టింది, చెవులకి తట్టుకుంది, టోపీ కిందపడింది. ఎవరూ సాయం చెయ్యలేదు. తీసి ఆమె చేతిలో పెట్టాడు.

చీకటి పడేలోపు ఆమె స్కోపు మళ్లీ సరిచేసుకుంది. అట్టముక్క మీద చివరి గుండు బొగ్గు గుండ్రం నడిమధ్యలో పడింది. మరల మీద కొత్త ఎర్ర గీతలు గీసి, ఆరిందాకా ఊది, బీరువాలో పెట్టి తాళం వేసింది.

మర్నాడు తెల్లారకముందే అందరూ ముందుగదిలో చేరారు. బయట సన్నటి మంచు. డెల్ఫా బీరువా పక్క కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతోంది. మెళ్లో తోలు తాడు.

"పిన్నీ, నా తుపాకీ ఇస్తావా?" అన్నాడు డేరెల్. లేచి తీసిచ్చింది. అమోస్ కూడా వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, "నాదమ్మా," అన్నాడు. ఆయనదీ ఇచ్చింది.

హోబర్ట్ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. "వెలుగొచ్చేస్తోంది," అన్నాడు, గోడతో చెప్పినట్టు. "జింకలు దిగే వేళయింది," అన్నాడు. డేరెల్ బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు, తండ్రి వంక చూడలేదు.

"అడగరా," అన్నాడు అమోస్.

హోబర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. "డెల్ఫా. నా తుపాకీ."

"నీ తుపాకీ ఏమైంది?"

"కావాలి."

"ఇంట్లో తుపాకీలన్నీ అందరివేగా బావగారూ. ఏదో ఒకటి తీసుకుపో."

"నాది కావాలి." మింగుడు పడనిదేదో మింగి, "ఇస్తావా?" అన్నాడు.

ఆ మాట నోట్లోంచి రావడానికి ఆయనకి యాభై ఎనిమిదేళ్లు పట్టింది. డెల్ఫా కాఫీ చివరి గుక్క తాగి, లేచి, బీరువా తెరిచి ఆయన తుపాకీ ఆయన చేతిలో పెట్టింది. తర్వాత తన తుపాకీ తీసుకుంది, తాళం వేసింది, తోక తెగిన చొక్కా మీద వేటకి వేసుకునే నారింజ రంగు కోటు తొడుక్కుని, ఎవర్నీ ఏమీ అడక్కుండా గండికి నడిచింది.